వంట కాలేజీ కరపత్రం: టీకా తాత్పర్యం

అవతారిక

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు, చల్లపల్లిలో మా ఇంటి అరుగు మీద పేపరు మడతలోంచి జారిపడిన ఏకపత్ర గ్రంథమిది. గులాబిరంగు కాగితం. కర్త పేరు లేదు, కాలేజీ పేరు నేను చెప్పను. వెనకవైపు ఖాళీ. మా తమ్ముడి కొడుకు దాన్ని రెండుసార్లు పారాయణం చేసి, "పెదనాన్నా, నేను చెఫ్‌నవుతా" అన్నాడు. వాళ్ల నాన్న ఫీజెంతో చూడమన్నాడు. మా అమ్మ, "ఇంజనీరింగ్ చదివిస్తామంటే వంటకి పోతానంటాడేమిట్రా!" అని కళ్లొత్తుకుంది. ఒకే పాఠానికి ముగ్గురూ మూడు అర్థాలు తీశారు గనక టీకా అవసరపడింది. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాటిచ్చి వ్యాఖ్యానాలు రాశాడు మల్లినాథసూరి. మొదటి మాట నేనూ నిలబెట్టుకుంటాను. రెండోది ఆయనకే చెల్లింది.

మూలము

"ఇంటర్ పాస్/ఫెయిల్ అయినవారికి సువర్ణావకాశం! చెఫ్ అవ్వండి! హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరండి! అనుభవజ్ఞులైన ఫ్యాకల్టీ. 100% ప్లేస్‌మెంట్. క్రూయిజ్ షిప్పుల్లో లక్షల్లో జీతం. సీట్లు పరిమితం. త్వరపడండి!"

ప్రతిపదార్థము

ఇంటర్ పాస్/ఫెయిల్ అయినవారికి = ఫీజు కట్టగలవారికి; సువర్ణావకాశం = సువర్ణముచేత అవకాశము, తృతీయా తత్పురుషము, అనగా తల్లి గాజులు తాకట్టు పెట్టగా వచ్చునది; చెఫ్ = వంటవాడే, కాని పెళ్లిచూపుల్లో చెప్పుకోదగినవాడు; అనుభవజ్ఞులైన ఫ్యాకల్టీ = నిరుడు ఇక్కడే చదివి పని దొరకక మిగిలినవారు; 100% ప్లేస్‌మెంట్ = ముందటి పదంలో వివరింపబడినది; త్వరపడండి = ఆలోచించకండి.

ఛందస్సు: వచనమే. యతిస్థానంలో ఆశ్చర్యార్థకం, ప్రాసస్థానంలో ఫోన్ నంబరు. అలంకారం: అతిశయోక్తి. జీతం నెలకో ఏడాదికో తేల్చలేదు గనక శ్లేష కూడా. పాకం: పైన పీచుంది గనక నారికేళపాకమని భ్రమపడతాం. కొట్టి చూస్తే లోపల నీళ్లు లేవు.

విశేషాలు

"చెఫ్ అవ్వండి", "హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరండి" అన్న రెండు వాక్యాలను కర్త పక్కపక్కన పెట్టాడు గాని వాటికి అన్వయం కుదరదు. హోటల్ మేనేజ్‌మెంట్‌లో వంట నాలుగో వంతు. వచ్చినవాళ్లకు గది తాళాలిచ్చే ఫ్రంట్ ఆఫీసు, దుప్పట్లు మార్చే హౌస్‌కీపింగ్, వడ్డన తక్కిన మూడు వంతులు. గరిటె తప్ప మరోటి పట్టనన్న కుర్రాడు ఈ చదువులో చేరి పక్క మీద దుప్పటి ముడత పడకుండా పరవడం నేర్చుకుంటూ, "పెదనాన్నా, ఇదేంటి?" అని ఫోన్ చేస్తాడు. వంటే కావాలంటే వంటకే పెట్టిన బడులున్నాయి. తిరుపతిలో ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ బేగంపేటలో 1996లో మొదలైన కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా. నాలుగు వంతులూ కావాలంటే హైదరాబాద్ విద్యానగర్‌లో ఐహెచ్ఎం, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్, ఉంది. దానికి జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి, ఇంటర్ పాసై ఉండాలి, అందులో ఇంగ్లీషు ఒక సబ్జెక్టు అయి ఉండాలి. కాబట్టి మూలంలోని "ఫెయిల్" శబ్దం శాస్త్రవిరుద్ధం. ఆ మాటకొస్తే ఆ పరీక్షలోనూ లెక్కలు, తర్కం, ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్ లాంటివే ఉంటాయి. పదిమందికి పప్పుచారు పెడితే చింతపండెంత అని ఎవరూ అడగరు.

పూర్వపక్షం: "అన్నయ్యా, ఏసీ క్లాసులున్నాయిట, హాస్టలుందిట, ఫొటోలో బిల్డింగు బ్రహ్మాండంగా ఉంది" అని మా తమ్ముడు.

సిద్ధాంతం: మన ఊరి నుంచి పామర్రు వెళ్లేటప్పుడు దారిలో కూచిపూడి తగులుతుంది. ఆ ఊళ్లో నాట్యం నేర్చుకున్నవాణ్ణి ఏ భవనంలో నేర్చావని అడిగినవాళ్లున్నారా? ఎవరి శిష్యుడివంటారు. వంటకూ అదే ప్రశ్న. రెండో ప్రశ్న పొయ్యిలది. ఒక్కో విద్యార్థికి ఒక్కో పొయ్యి ఉందా, లేక సారు వండుతుంటే ముప్పైమంది చుట్టూ నిలబడి నోట్సు రాసుకుంటారా? మా బంధువుల కుర్రాడొకడు ఇలాంటి చోటే ఏడాది చదివాడు. ఉల్లిపాయ తరగడం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారట. ఏడాది చివర వాడికి కన్నీళ్లొచ్చాయి, ఉల్లిపాయ వల్ల కాదు.

పూర్వపక్షం: "మరి బడి మంచిదో కాదో తెలిసేదెట్లా?"

సిద్ధాంతం: దీనికి ప్రమాణం భారతంలోనే ఉంది. నలుడు బాహుకుడై రూపం మారి వచ్చినప్పుడు దమయంతి అతని సర్టిఫికెట్లు అడగలేదు. కేశినిని పంపి, అతను వండిన మాంసం తెప్పించి, నోట్లో వేసుకుని గుర్తుపట్టింది. బడిని గుర్తుపట్టేదీ అలాగే. పిల్లలు వండినది పిల్లలే వడ్డించే భోజనశాల మంచి బడుల్లో ఉంటుంది. డబ్బిచ్చి అక్కడ ఒక పూట తినాలి. తిన్నాక కదలకుండా కాసేపు కూర్చోవాలి. గిన్నెలెవరు తోముతున్నారో చూడాలి. 2014 నుంచి తెల్లవారకముందే చీపుళ్లు పట్టుకుని రోడ్లెక్కే స్వచ్ఛ కార్యకర్తలున్న ఊరివాళ్లం, మనకీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పిల్లలు ఫోన్లు చూసుకుంటూ ఆయాల చేత తోమిస్తుంటే, లేచి వచ్చెయ్యాలి.

ప్లేస్‌మెంటుకు ఉదాహరణ వలలుడు. ధర్మరాజు వంటింట్లో పనిచేశానని చెప్పి భీముడు ఆ పేరుతో విరాటుడి కొలువులో కుదిరాడు. పేరు అబద్ధమే గాని ఏడాది పనిచేశాడు, కొలువు మాత్రం నిజం. అదే కాలేజీని అడగాలి: నిరుటి పిల్లలు ఇప్పుడెక్కడ వండుతున్నారు? ఏ హోదాలో? సామాన్యంగా మొదటి హోదా కమీ. ఫ్రెంచి మాట. ఉర్దూలో కమీ అంటే లోటు, మొదటి జీతం చూశాక ఈ రెండో వ్యుత్పత్తే బలంగా తోస్తుంది. క్రూయిజ్ షిప్పుకైతే వంటతో పాటు నిప్పంటుకుంటే ఆర్పడం, నీళ్లలో పడితే బతకడం నేర్పే ఎస్‌టీసీడబ్ల్యూ శిక్షణ, సీడీసీ అనే నావికుడి గుర్తింపు పుస్తకం కావాలి. ఎక్కించే ఏజెంటుకు డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. నాగాయలంక దాకా సముద్రపు గాలి తగిలే సీమలో ఉంటూ ఈ పాటి అడక్కపోతే తప్పు మనదే.

సీట్లు పరిమితం: స్పష్టము.

ఇక మా అమ్మ వేసిన ఆక్షేపం. "వంటకి కాలేజీ ఎందుకురా, బందరులో ఎవరు చదివారు?" నిజమే. శనగపిండితో కారప్పూసలాంటిది వేయించి, దంచి, బెల్లప్పాకంలో కలిపి, మళ్లీ దంచి తొక్కుడు లడ్డు చేసే పనివాళ్లు ఏ డిగ్రీతోనూ ఆ పని నేర్వలేదు. 2017లో బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది వాళ్ల చేతుల వల్లే. మా పెళ్లిళ్లలో గాడిపొయ్యి మీద గుండిగ దించే వంట మేస్త్రి దగ్గరా అంతే, మొదటి కొన్నేళ్లు కూరలు తరగడమే, ఉప్పు వేసే అధికారం చాలాకాలానికి గాని రాదు. చెయ్యి తిరగడానికి మేస్త్రిని మించిన బడి లేదని నా మతం. కాని కిలో రొయ్యలు ఒలిస్తే ఎంత మిగులుతుంది, పళ్లెం ఎంతకి గిట్టుబాటు, పచ్చి చేపను 5 డిగ్రీల లోపు ఎందుకు ఉంచాలి అన్న లెక్కలు గాడిపొయ్యి దగ్గర ఎవరూ విప్పి చెప్పరు. పాకం వేళ్ల మధ్య తీగ సాగిందో లేదో మేస్త్రి చూస్తాడు. అది ఎన్ని డిగ్రీల దగ్గర సాగిందో బడి చెబుతుంది. ఆ రెండూ నేర్పే చోటుకి ఫీజు కట్టవచ్చు.

తాత్పర్యము

ఫలితాల వేళ ఈ కరపత్రం మీ ఇంటికీ వస్తుంది. వెనకవైపు ఖాళీగానే ఉంటుంది. దాని మీద మీ పిల్లాడి చేత పదిమందికి కావలసిన సరుకుల జాబితా రాయించండి, మర్నాడు వాడి చేతే వండించండి, గిన్నెలు కూడా వాణ్ణే తోమనివ్వండి. మూడో రోజుకీ చెఫ్‌నవుతానంటే అప్పుడు తిరుపతి బస్సెక్కండి. మావాడిది ఇప్పటికి రెండో రోజు. పప్పుచారులో ఉప్పు తక్కువైంది.