ఒక పలుకు ఉప్పు

విందుకు పిలిచిన ఇల్లాలు కూర వడ్డించాక ఆకు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. "ఇంకాస్త వెయ్యనా?" అంటుంది గానీ ఆవిడ వినాలనుకునేది ఆ ప్రశ్నకు జవాబు కాదు. తెల్లవారకముందే లేచి పొయ్యి దగ్గర నిలబడినందుకు ఆవిడకు ముట్టేది అతిథి నోటి నుంచి వచ్చే ఆ ఒక్క మాటే. కూర కుదిరితే ఆ మాట అప్పుడే అనాలి, చెయ్యి కడుక్కున్నాక కాదు. కుదరకపోతే కుదిరిన వంటకాన్ని మెచ్చుకుని ఊరుకోవాలి. ఉప్పు చాలకపోతే పక్కవాళ్లకు వినపడకుండా అడిగి వేసుకోవాలి. ఆకు అంచున ముందే కాస్త ఉప్పు వేసి ఉంచే పాతకాలపు వడ్డనలో ఆ అడగడం కూడా ఉండేది కాదు.

తద్దినం భోజనం దారి వేరు. ఆ రోజు భోక్తలు మాట్లాడకుండా తినాలనీ, ఇంటి యజమాని అడిగినా వంటకాల గుణాలు చెప్పకూడదనీ మనుస్మృతి మూడో అధ్యాయంలో ఉంది. మిగతా రోజుల్లో మాత్రం కడుపునిండా తిని ఏమీ అనకుండా లేచిపోవడం తప్పేనని నా నమ్మకం.

ఇవన్నీ నాకు నేర్పింది మా పెదనాన్న. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి ఆయనకు కంఠస్థం. అన్నాన్ని నిందించకపోవడం ఒక వ్రతమని అందులో ఉందని చిన్నప్పుడు మా అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఎవరింట పంక్తిలో కూర్చున్నా ప్రతి వంటకాన్నీ పేరుపెట్టి మెచ్చుకుంటారు. దప్పళంలో గుమ్మడికాయ ముక్క చిదరకుండా ఉడికితే అది చెబుతారు, పులిహోరలో పోపు ఇంకా కరకరలాడుతుంటే అదీ చెబుతారు. చివర "అన్నదాతా సుఖీభవ" అని గట్టిగా అని మరీ లేస్తారు. మా చుట్టాల్లో వండిన ఆడవాళ్లందరికీ ఆయన ఆకు దగ్గర వడ్డించాలని ఉంటుంది. సొంత ఇంట్లో ఆయన భోజనం ఎలా సాగుతుందో మేమెవరమూ చూసింది లేదు. దొడ్డమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

మాఘమాసంలో మా తమ్ముడు కాకినాడలో గృహప్రవేశం చేశాడు. లేత పనసకాయలు బజారుకు వచ్చే రోజులు. మా మరదలిది అనంతపురం. ఉగ్గాని, ఓళిగలు చేసిందంటే తిరుగులేదు గానీ పనసపొట్టు కూర ఆ పిల్ల జన్మలో వండలేదు. గోదావరి వాళ్లను భోజనానికి పిలిచి, కాయ దొరికే రోజుల్లో ఆ కూర పెట్టకపోతే ఏం బాగుంటుందని దిగులు పడింది. పూజసామాను సర్దే మిషతో ముందురోజే వచ్చి ఉన్న దొడ్డమ్మ "కాయ తెప్పించు, నేను చూసుకుంటా" అంది.

బజారులో పొట్టు కొట్టి అమ్ముతారు. అది ముతగ్గా ఉంటుందని దొడ్డమ్మ ఒప్పుకోలేదు. జిగురు పట్టకుండా చేతులకూ కత్తికీ నూనె రాసుకుంది. కాయ చెక్కు తీసి, చెక్క మీద పెట్టి, కత్తి ఎత్తి ఎత్తి వేస్తూ సన్నగా పొట్టు కొట్టింది. పసుపూ ఉప్పూ వేసి ఉడికించి నీళ్లు పిండేసింది. మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరప, ఇంగువ, జీడిపప్పు పోపులో చింతపండు రసంతో మగ్గించింది. ఇంతవరకూ ఎవరైనా చెయ్యగలరు. ఈ కూరకు ప్రాణం ఆవ. కూర పొయ్యి మీద ఉండగా ఆవముద్ద కలిపితే చేదెక్కుతుంది. దించి, చల్లారనిచ్చి, అప్పుడు కలిపి మూతపెట్టి గంటైనా ఊరనివ్వాలి. అలా ఊరితేనే ఘాటు నాలుక మీద ఆగకుండా ముక్కుదాకా వెళుతుంది. వంటింట్లో ఆవ కలిపే వేళకు దొడ్డమ్మా మరదలూ తప్ప ఎవరూ లేరు.

పెదనాన్న భోజనాల వేళకు వచ్చారు. పనసపొట్టు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"ఎవరమ్మా ఈ కూర చేసింది?"

"బాగుందా మావయ్యగారూ?" అంది మరదలు, అవుననీ కాదనీ చెప్పకుండా.

"బాగుండటమేమిటి! ఆవ ముక్కుకు తగులుతోంది, చేదు మాత్రం లేదు. ఏ పొట్టుకా పొట్టు విడిగా ఉంది, ముద్ద కాలేదు. ఉప్పూ పులుపూ తూచి వేశావు తల్లీ." మారు వేయించుకున్నారు. కాసేపటికి మళ్లీ వేయించుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే అంతకంటే మంచి అతిథి లేడనేదాన్ని. ఎదుటి వరసలో కూర్చున్న దొడ్డమ్మ వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "చూశావా? అనంతపురం పిల్ల! నువ్వు గోదావరి జిల్లాలో పుట్టి, నలభై ఏళ్లుగా వండుతున్నావు. ఈ అమ్మాయి దగ్గర నాలుగు రోజులు కూర్చుని నేర్చుకో" అన్నారు.

పంక్తిలో చాలామంది నవ్వారు. దొడ్డమ్మ తలెత్తకుండా అన్నం కలుపుకుంటోంది.

ఒక ఆడమనిషి వంటను మెచ్చడానికి ఇంకో ఆడమనిషిని పదిమందిలో తక్కువ చెయ్యాలా? ఆ మెప్పు వండినామెకు కూడా ఒంటబట్టదు. మా మరదలికి పట్టలేదు. గరిట గిన్నెలో పెట్టేసింది.

"మావయ్యగారూ, ఈ కూర నేను చెయ్యలేదు. కాయ కొట్టడం దగ్గర్నుంచి ఆవ పెట్టేదాకా అంతా పెద్దత్తయ్యగారే చేశారు."

పెదనాన్న ఆకులోకి చూశారు. కూర ఇంకా మూడు నాలుగు ముద్దలకు సరిపడా ఉంది. కాస్త తీసి నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలారు.

"అదీ సంగతి" అన్నారు. "మొదటి ముద్దలోనే అనుకున్నాను, ఉప్పు ఒక పలుకు తగ్గిందని."

భోజనాలయ్యాక మరదలు వంటింట్లో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"నేను నోరు విప్పకుండా ఉండాల్సింది వదినా. పొద్దున ఆవ కలుపుతూ ఆవిడ నా చేత ఒట్టు వేయించుకున్నారు. 'నేను చేశానని మీ మావయ్యగారికి చెప్పకమ్మా, చెబితే కూరలో ఉప్పు తగ్గిపోతుంది' అన్నారు."