అర్రే ఇచ్చి చూడు, ఆర్డరు పెట్టి చూడు

తమ్ముడూ, ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, రాత్రి పదింటికి పైథాన్ తెరిచి సొంతంగా ట్రేడింగ్ స్ట్రాటజీ రాసుకుంటున్నావని విన్నాను. సంతోషం. ఈ దారిలో నీకన్నా నాలుగేళ్లు ముందు నడిచి, నాలుగుసార్లు బోర్లా పడ్డవాణ్ని కాబట్టి, ధరల అర్రేని హెల్పర్ ఫంక్షన్ చేతికి ఎలా అప్పజెప్పాలో చెప్తాను. దానికి అర్రే అని పేరెందుకొచ్చిందో బ్రోకర్ నుంచి మార్జిన్ మెసేజ్ వచ్చిన రోజు నీకే అర్థమవుతుంది.

ఎప్పుడూ ఒరిజినలే ఇవ్వు. పట్టా పాస్‌బుక్కయినా, టెన్త్ మార్కుల లిస్టయినా ఎవరడిగినా జిరాక్స్ చేతిలో పెట్టి పంపడం మనవాళ్ల అలవాటు. ఆ పిసినారితనం కోడ్‌లోకి తేకు. నమ్‌పై అర్రేని ఫంక్షన్‌కి పంపితే వెళ్లేది ఒరిజినలే. అందులోంచి వరసగా ఓ ముక్క కోసి పంపినా అది కొత్త ముక్కేం కాదు, అదే గదికి ఇంకో కిటికీ. అవతలివాడు అందులోంచి చెయ్యి పెట్టి సర్దితే నీ గదిలో సామానే మారుతుంది. కాపీ తీసి పంపే సౌకర్యం ఉంది గాని, మెమరీ దండగ. మన మార్కెట్ 9:15 నుంచి 3:30 దాకా, అంటే నిమిషానికొకటి చొప్పున 375 క్యాండిల్స్. ఒక్కో ధరకి 8 బైట్లు. రోజుకి 3,000 బైట్లు ఎవడబ్బ సొమ్మని?

దీని మహిమ దగ్గర్నుంచి చూద్దువుగాని. ఐదు ముగింపు ధరలు తీసుకో: 100, 102, 101, 105, 104. షేరు బలం కొలవడానికి ఓ హెల్పర్ రాయి. పోల్చుకోవడం తేలిగ్గా ఉంటుందని అది ప్రతి ధరనీ మొదటి ధరతో భాగిస్తుంది, వేరే అర్రే కట్టకుండా ఉన్నదాని మీదే. బలం బాగుందంది, కొన్నావు. తర్వాతి లైన్లో ఆఖరి ధరకి రెండు శాతం కింద స్టాప్ లాస్ పెట్టమన్నావు. ఆఖరి ధర ఇప్పుడు 104 కాదు, 1.04. కాబట్టి నూట నాలుగు రూపాయల షేరుకి స్టాప్ లాస్ ఒక రూపాయి రెండు పైసలు. ఇక అది ఛస్తే తగలదు! ఒక్క జాగ్రత్త: దాన్ని ఎక్స్ఛేంజీకి పంపకు. ఆ రోజు ధరల పరిధిలో లేదని ఆర్డర్ తిప్పికొట్టి నీ గుట్టు బయటపెట్టేస్తారు. స్టాప్ లాస్‌ని నీ ప్రోగ్రామ్‌లోనే, ఎవరి కంటా పడకుండా దాచుకో.

అర్రేలో కొత్త ధర ఏ చివర ఉందో కూడా హెల్పర్‌కి చెప్పకు. నింజాట్రేడర్‌లో, పైన్ స్క్రిప్ట్‌లో సున్నా అంటే ఇప్పటి క్యాండిల్. నమ్‌పైలోకి పాతది ముందు వచ్చేలా ఎక్కించుకున్న అర్రేలో సున్నా అంటే అన్నిటికన్నా పాతది. మెటాట్రేడర్ 5లో ఎటునుంచి లెక్కపెట్టాలో నువ్వే చెప్పుకోవచ్చు, అంటే మర్చిపోనూ వచ్చు. ఒకచోట రాసిన హెల్పర్‌ని ఇంకోచోటికి ఎత్తుకొచ్చి అలాగే అతికించు. బాల్చీ ఏ చివర కట్టి ఉందో చూడకుండా చేంతాడు బావిలోకి విసిరినట్టు ఉంటుంది. పెరిగే షేరు తగ్గుతున్నట్టు, తగ్గేది పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. నష్టం వస్తే కొను అన్నచోట అమ్ము అని మార్చు. రెండు తప్పులు కలిసి లెక్క సరిపోతుంది, నువ్వు ఏదో ఒకటి దిద్దేదాకా.

ఇరవై క్యాండిల్స్ సగటు తీస్తే మొదటి 19 గళ్లు ఖాళీగా వస్తాయి. చూడ్డానికి అసహ్యం. పీకి పారెయ్. ఇప్పుడు ధరలు 375, సగటులు 356. రెండు లిస్టుల్నీ జిప్‌తో జత కట్టు. పైథాన్ నోరెత్తదు, పొట్టిదాని దగ్గర ఆగిపోతుంది. 9:15 క్యాండిల్ ధర పక్కన 9:34 క్యాండిల్ దాకా లెక్కించిన సగటు వచ్చి కూర్చుంటుంది. మార్కెట్ తెరిచిన నిమిషానికే తర్వాతి పంతొమ్మిది నిమిషాల భోగట్టా! పీకడం ఇష్టం లేకపోతే ఖాళీల్లో సున్నాలు నింపు. ధర సగటు కన్నా పైనుంటే కొనమన్నావు కదా, సున్నా కన్నా కిందికి పోయే షేరు ఇంకా పుట్టలేదు.

భవిష్యత్తు రుచి మరిగాక కొసరొద్దు. ఏడాది అర్రే మొత్తం హెల్పర్ ముందు పెట్టి, అందులో గరిష్ఠం, కనిష్ఠం చూసుకుని ప్రతి రోజుకీ మార్కులెయ్యమను. 2020 జనవరిలో నిఫ్టీ 12,000 దరిదాపుల్లో ఉంది. మార్చి 23న 7,610కి పడింది. నీ హెల్పర్‌కి ఆ సంగతి సంక్రాంతికే తెలుసు. కరోనా మాట మనం ఇంకా సరిగా వినను కూడా లేదు, అది అప్పుడే అమ్మేసి కాళ్లు చాపుకుని కూర్చుంది. బ్యాక్‌టెస్ట్ గ్రాఫు అలిపిరి మెట్లలా పైకే పోతుంది. స్క్రీన్‌షాట్ తీసి బావమరిదికి పంపు. అతను డబ్బులిస్తానంటే వద్దనకు.

ఫంక్షన్ రాసేటప్పుడు బ్రాకెట్లోనే ఖాళీ లిస్టు డిఫాల్ట్‌గా పెట్టడం ఇంకో మంచి అలవాటు. ఆ లిస్టు పైథాన్ ఒక్కసారే తయారుచేసి, పిలిచిన ప్రతిసారీ దాన్నే వాడుతుంది. బంతి లేచినా విస్తరి మార్చని పెళ్లిలాగ, రిలయన్స్ తిని లేచిన ఆకులోనే ఐటీసీకి వడ్డిస్తుంది.

అర్రేలకి పేర్లా? డేటా, డేటా2, డేటా ఫైనల్, డేటా ఫైనల్ కొత్తది. చాలు.

నష్టం వచ్చినప్పుడు ఆపరేటర్లనీ ఎఫ్‌ఐఐలనీ తిట్టుకో. అంతేగాని ఐదు ధరలు కాగితం మీద రాసుకుని, చేత్తో లెక్కగట్టి, హెల్పర్‌లోకి వెళ్లకముందు అర్రే ఏంటి, బయటికొచ్చాక ఏంటి అని పక్కపక్కన పెట్టి చూసే పని మాత్రం పెట్టుకోకు. నేనొకసారి పెట్టుకున్నాను. రెండో అంకె దగ్గరే సంగతి అర్థమైపోయింది. గోడ గడియారం వైపు చూశాను. 9:14. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ప్రోగ్రామ్ రన్ చేశాను.