పంతులుగారిల్లు

ఊళ్ళో ఇల్లు అమ్మకానికుందంటే అది ఎవరో ఒక్కరిదే అయ్యుంటుందనుకోవడం పట్నవాసుల భ్రమ. కోనసీమలో మేం ముచ్చటపడ్డ రెండు గదుల పెంకుటిల్లూ, వెనకున్న పన్నెండు సెంట్ల దొడ్డీ పైకి పంతులుగారి పెద్దబ్బాయివి. బేరం మొదలెట్టాక తేలిందేమిటంటే, అవి ఇద్దరు తమ్ముళ్ళవీ, ఇద్దరు చెల్లెళ్ళవీ, ఊళ్ళో ఉన్న ప్రతి అరుగువీ కూడా.

"ఆడపిల్లల సంతకాలెందుకండీ? పసుపు కుంకాలు ఇచ్చేశాం కదా!" అన్నాడు పెద్దబ్బాయి. తండ్రి వీలునామా రాయకుండా పోతే కూతుళ్ళకీ సమానవాటా అని 1956 నుంచీ చట్టం ఉంది. ఆ కబురు ఆయనదాకా ఇంకా రాలేదు. డల్లాస్‌లో ఉన్న చిన్నచెల్లెలు తనకే అభ్యంతరమూ లేదని వాట్సాప్‌లో బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపింది. "ఇది వేలిముద్ర కింద చెల్లదాండీ?" అని ఆయన దస్తావేజు లేఖరిని నిజంగానే అడిగాడు.

గ్రామకంఠంలో ఇంటికి పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. ఉన్నదల్లా పాత దస్తావేజు, ఓ కట్ట ఇంటిపన్ను రసీదులు. ఆ దస్తావేజులో హద్దులివి: తూర్పు, కరణంగారి గోడ. దక్షిణం, పుంత. పడమర, చింతచెట్టు. ఉత్తరం, మునసబుగారి పశువుల పాక.

చింతచెట్టు 1996 తుపానుకి కూలిపోయింది. మునసబు పదవి 1984లోనే రద్దయింది. పాక అంతకు ముందే పోయిందట. టేపు పెట్టి కొలిస్తే సెంటున్నర తగ్గింది. కొలతకీ హద్దుకీ తేడా వస్తే మామూలుగా హద్దే చెల్లుతుందన్నారు వకీలుగారు. అంటే లేని చెట్టూ, లేని పాకా, లేని మునసబూ చెల్లుతారు. నా చేతిలో ఉన్న టేపు చెల్లదు.

చెట్టు ఎక్కడుండేదో చూపించడానికి ఊరంతా తరలివచ్చింది. పడమటింటాయన మా నూతి పక్కన కాలు తాటించి "ఇదిగో, దీని మొదలిక్కడే!" అన్నాడు. పెద్దబ్బాయి ఆయన వంటింటి గుమ్మం చూపించాడు. ఓ ముసలమ్మగారు చెట్టు సంగతి వదిలేసి, దాని చింతకాయల పులుపు గురించి చెప్పుకొచ్చింది. ఆ పూట సాక్ష్యాల్లో నమ్మదగ్గది అదొక్కటే.

ఇంతలో ఒకావిడ బిందె చంకనెట్టుకుని మా దొడ్లోంచి దర్జాగా నడిచిపోయింది. "ఎక్కడికమ్మా?" అన్నాను. "పుంతలోకండి. మా అత్తగారూ ఇలాగే ఎళ్ళేదండి" అంది. హక్కుగా, బాహాటంగా, అడ్డూ ఆపూ లేకుండా ఇరవయ్యేళ్ళు నడిస్తే ఆ దారి మీద హక్కు వస్తుందని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం. ఆవిడ చట్టం చదవలేదు గానీ, అత్తగారిని సాక్ష్యానికి తెచ్చుకుంది.

ఎలాగో కొన్నాక, ఇంటిని పెంచుదామని సిద్ధాంతిగారిని పిలిచాం. దక్షిణానికి వద్దు, పడమటికి అసలొద్దు, పెంచితే తూర్పుకో ఉత్తరానికో పెంచండన్నారు. తూర్పున కరణంగారి గోడ, ఉత్తరాన ఆ లేని పాక హద్దు తగాదా. మిగిలింది ఆకాశం. మేడ వేద్దామా అని మేస్త్రిని అడిగాను. అతను గోడని గోటితో గీకాడు. సున్నం పొర ఊడి, లోపల మట్టి జలజలా రాలింది. "మట్టిగోడండి. పెంకుల్నయితే మోస్తాదండి."

"శ్లాబునో?"

"ఆయ్, మీ ఇష్టమండి. మోస్తాదనే అనుకోండి."

గోదావరి మర్యాదలో 'వద్దు' అని మొహాన చెప్పరు. మీ ఇష్టమన్నారంటే, దాని కింద పడుకోవడం కూడా మీ ఇష్టమేనని. కాబట్టి పడగొట్టి, అదే కొలతకి మళ్ళీ కట్టాం. టేకు దూలాలూ, సింహద్వారమూ మాత్రం దక్కాయి. మిగతా ఇల్లంతా కొత్తదే, అప్పు కూడా.

గృహప్రవేశమయ్యాక నేమ్‌ప్లేటు పెట్టించాను. కొరియరు కుర్రాడు ఫోన్ చేసి, ఆ పేరుగలవాళ్ళు ఈ ఊళ్ళో లేరంటున్నారన్నాడు. పంతులుగారిల్లు అన్నాను, రెండు నిమిషాల్లో గుమ్మంలో ఉన్నాడు. కరెంటు బిల్లు కూడా ఇప్పటికీ స్వర్గస్థులైన పంతులుగారి పేరు మీదే వస్తుంది. పేరు మార్పించుకోమని మా ఆవిడ సతాయిస్తోంది. దానికీ వారసులందరి సంతకాలూ కావాలంటారేమోనని, నోరుమూసుకుని ఆయన బకాయి నేనే కడుతున్నాను.