వేలు చూపిస్తే గ్రూపు చెబుతాం

పదో తరగతి పిల్లాడు ముందు ముందు ఏం కావాలో తేల్చడం ఇకమీదట చిటికెలో పని. చిటికెన వేలితో మొదలుపెట్టి బొటనవేలి దాకా ఓ గాజుపలక మీద ఆనిస్తే చాలు. పేరు పెద్దదే, డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్. నోరు తిరగనివాళ్లకు డీఎంఐటీ. వేసవి సెలవుల్లో, ముహూర్తాలు లేని రోజుల్లో ఫంక్షన్ హాళ్లకు దీంతో గిరాకీ.

మన నాయనమ్మలకు ఇది కొత్తేం కాదు. మనవడి వేళ్లు విడదీసి శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టేవారు. పదీ చక్రాలైతే రాజయోగమనేవారు. కాకపోతే నాయనమ్మ ఫీజు తీసుకోలేదు, నలభై పేజీల రంగుల రిపోర్టు ఇవ్వలేదు కాబట్టి అది మూఢనమ్మకం. ఇది సైన్సు.

అసలు వేలిముద్రల విద్యలో మనవాళ్లది అందెవేసిన చెయ్యి. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో వెలిసింది. ముద్రల వర్గీకరణకు లెక్కలు కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు పోలీసు ఉద్యోగులు. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది. (ఉద్యోగాల్లో కొత్తగా చేరేవాళ్లు ఈ ముక్కను ఉచిత కెరీర్ గైడెన్సుగా వాడుకోవచ్చు.) అప్పట్లో వేలిముద్ర ఎవడు ఏం చేశాడో పట్టిచ్చేది. ఇప్పుడు ఎవడు ఏమవుతాడో పట్టిస్తోంది.

వేలి గీతలు తల్లి కడుపులోనే పడతాయి, నిజమే. మెదడూ ఆ నెలల్లోనే రూపుకడుతుంది, అదీ నిజమే. అందుకని ఒకదాన్ని చూసి రెండోదాని గుట్టు చెప్పొచ్చట. ఒకే ఆస్పత్రిలో ఒకే రోజు పుట్టిన ఇద్దరిలో ఒకడి మార్కులు చూసి రెండోవాడికి రిజల్టు చెప్పినట్టు. 1983లో హోవార్డ్ గార్డ్‌నర్ అనే అమెరికా ఆచార్యుడు తెలివి ఒక్కటి కాదు, ఏడు రకాలని పుస్తకం రాశాడు. మనవాళ్లు ఆ తెలివితేటలను పది వేళ్లకూ పంచారు. పంచినవన్నీ తీసుకెళ్లి ఎంపీసీలో కలిపారు. ఈ పరీక్షకు శాస్త్రీయమైన ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ చెప్పింది. ఆ డాక్టర్లవన్నీ పాతకాలం పద్ధతులు. మనిషిని ఎదురుగా కూచోబెట్టుకుని మాట్లాడతారు.

మొన్న ఈ పరీక్ష జరిగే ఓ ఫంక్షన్ హాల్లో ఓ పూట కూచున్నాను. పిల్లాడి అరచేతికి చెమట పడితే వాళ్లమ్మ కొంగుతో తుడిచి, వేలు పట్టుకుని తనే పలక మీద నొక్కింది. స్కానర్ దగ్గరున్న కుర్రాడు బీటెక్ మెకానికల్. తన వేళ్లు ఎప్పుడైనా చూసుకున్నాడో లేదో అడగబుద్ధి కాలేదు. నిపుణుడు కళ్లజోడు సవరించుకున్నాడు.

‘సార్, మావాడి వేళ్లల్లో ఐఐటీ ఉందా?’ అన్నాడు తండ్రి.

‘ఉందండీ. కాకపోతే నిద్రపోతోంది. ఫౌండేషన్‌లో వేస్తే లేస్తుంది.’

సంగీతం ఎక్కువొచ్చిన అమ్మాయికి సౌండ్ ఇంజినీరింగ్, కాబట్టి ఎంపీసీ. ఆటల్లో మెరిసినవాడికి పట్టుదల ఉంటుంది, కాబట్టి ఎంపీసీ. ఒక పిల్లకు మాత్రం బైపీసీ వచ్చింది. వాళ్ల నాన్న తనకు మెడికల్ షాపుందని ఫారంలో ముందే రాశాడు. కవలలకైనా వేలిముద్రలు కలవవు గనక ఒకడికి ఎంపీసీ, ఇంకొకడికి బైపీసీ పడింది, తల్లిదండ్రులు ఉబ్బితబ్బిబ్బయ్యారు. సీఈసీ, హెచ్‌ఈసీ వేళ్లు ఆ హాల్లో ఒక్కరికీ లేవు. బ్రహ్మదేవుడు ఆ మోడల్ ఆపేసినట్టున్నాడు. వేలిముద్రలు చచ్చేదాకా మారవని రిపోర్టు మొదటి పేజీలో ఉంది. రెండేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలని చివరి పేజీలో ఉంది.

రేషన్ షాపు దగ్గర ఇదే వేలిది ఇంకో కథ. నాట్లేసి, కలుపు తీసి గీతలు అరగ్గొట్టుకున్న ముసలమ్మ ఈ-పోస్ మిషన్ మీద ఎన్నిసార్లు నొక్కినా ఆమె ఎవరో దానికి తెలియదు. ఖాళీ సంచితో ఇంటిదారి పడుతుంది. ఆమె మనవడు పదేళ్ల తర్వాత ఏమవుతాడో ఫంక్షన్ హాల్లోని మిషన్‌కు ఒక్క నొక్కుకే తెలిసిపోయింది. ఎలాగూ పదిహేనేళ్లకు ఆధార్ కోసం వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి. పనిలో పనిగా కార్డు మీద గ్రూపు కూడా అచ్చేస్తే తల్లిదండ్రులకు ఈ తిప్పలుండవు.

2020 నాటి జాతీయ విద్యా విధానం ఇంకో దారి చెప్పింది లెండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఓ పది రోజులు పుస్తకాల సంచి పక్కన పెట్టించి పిల్లల్ని వడ్రంగి దగ్గరకో, కుమ్మరి దగ్గరకో, తోటమాలి దగ్గరకో పంపమంది. పది రోజులంటే పది స్లిప్ టెస్టులు. ఎవరొప్పుకుంటారు?

ఆ నలభై పేజీలూ తిరగేశాను. పదో తరగతి తర్వాత వెంకటగిరిలో చేనేత టెక్నాలజీ డిప్లొమా ఉందని గానీ, హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ అండ్ డై నేర్పే కేంద్ర సంస్థ ఉందని గానీ, తిరుపతిలో టీటీడీ వారు రాతిలో, లోహంలో శిల్పం చెక్కడం నేర్పుతారని గానీ ఒక్క పేజీలోనూ లేదు. వేళ్లతో చేసే పనులు కదా, వేళ్ల రిపోర్టులో చోటు దొరకలేదు.

పక్క కుర్చీలో ఓ రైతు రిపోర్టు ఒళ్లో పెట్టుకుని దిగులుగా ఉన్నాడు. కొడుకు వేళ్లల్లో తర్కం బ్రహ్మాండంగా ఉందట, ఇంట్లో మాత్రం గేదెలను వదిలి పుస్తకం పట్టడట. ఏ గేదె ఎదకొచ్చిందో, దేనికి పొదుగువాపు మొదలైందో అందరికంటే ముందు వాడే చెబుతాడట.

‘పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉంది కదండీ. పది పాసైతే చాలు, రెండేళ్ల కోర్సు’ అన్నాను.

ఆయన గబుక్కున వెనక్కి తిరిగి చూశాడు.

‘కాస్త మెల్లగా చెప్పండి సార్. మావాడు వింటాడు.’