ఓటమికి టెండరు

అయ్యా పెన్ స్టేట్ యూనివర్సిటీ వారూ,

2025 అక్టోబరులో ఒక ఆదివారం మీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ గారిని ఇంటికి పంపారు. ఒప్పందం ప్రకారం ఆయనకు 4 కోట్ల 90 లక్షల డాలర్లకు పైగా బాకీ పడ్డారట. రూపాయల్లో 430 కోట్ల దాకా తేలింది. వరసగా మూడు మ్యాచ్‌లు ఓడినందుకు ఇంత రేటా? టెండరు పిలవకుండా పని కట్టబెడితే ఇలాగే ఉంటుంది. మీరు పిలవకపోయినా నా టెండరు వేస్తున్నాను, చిత్తగించండి.

పని పేరు: ఓడిపోవుట.

పని వివరం: పాత కాంట్రాక్టరు చేసిన పద్ధతిలోనే చేస్తాను. దేశంలో రెండో ర్యాంకుతో సీజన్ మొదలు. నెవాడా మీద 46-11, ఎఫ్‌ఐయూ మీద 34-0, విల్లనోవా మీద 52-6. ఇది పునాది పని. బలహీనులను చితక్కొట్టి, జట్టు బలమెంతో జట్టుకే తెలియకుండా చూడటం. తర్వాత ఆరెగన్‌తో రెండో ఓవర్‌టైమ్ దాకా లాగి, అక్కడ మొదటి పాస్‌కే బంతిని ఎదుటి జట్టు చేతిలో పెట్టే ఇంటర్‌సెప్షన్. 30-24తో ఓటమి. దీనికి కాస్త చెయ్యి తిరగాలి, నేర్చుకుంటాను.

అసలు పనితనం యూసీఎల్‌ఏ దగ్గర కనిపించింది. నాలుగాడి నాలుగూ ఓడిన జట్టది. అప్పటిదాకా సీజన్‌లో ఒక్క క్షణమైనా ఆధిక్యంలో లేదు. దానికి సగం ఆటకల్లా 27-7 ఆధిక్యం సమర్పించారు. చివర్లో ఆఖరి ప్రయత్నమైన నాలుగో డౌన్, కావాల్సింది రెండు గజాలు, ఎదురుగా గోల్ లైన్ తొమ్మిది గజాల్లో. క్వార్టర్‌బ్యాక్ ఆలర్ చేత పరుగెత్తించారు, దొరికిపోయాడు. 42-37. వారం తిరిగేసరికి సొంత గడ్డ మీద, పూర్వ విద్యార్థులు తిరిగొచ్చే హోమ్‌కమింగ్ నాడు, నార్త్‌వెస్టర్న్ చేతిలో 22-21. పని సంపూర్ణం.

అర్హతలు: ఫ్రాంక్లిన్ గారు మీ దగ్గర 104 మ్యాచ్‌లు గెలిచారు. 2025 జనవరిలో ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లారు. అన్ని గెలిచిన మనిషి చేత ఓడించాలంటే ఖర్చవదూ? నా ఖాతాలో ఒక్క గెలుపూ లేదు. మొదటి వారం నుంచే నికరంగా ఓడిస్తాను.

గడువు: ఆయనకు 2021లో పదేళ్లకు రాసిచ్చారు. నాకు పది వారాలు చాలు.

రేటు: 49 లక్షల డాలర్లు. పదో వంతు. వాయిదాల్లో ఇచ్చినా పుచ్చుకుంటాను.

షరతు: ఆయనకు ఇంకోచోట ఉద్యోగం దొరికితే ఆ మేరకు మీ బాకీ తగ్గేలా రాసుకున్నారట. నా విషయంలో ఆ ఆశ పెట్టుకోకండి.

నవ్వులాట అయిపోయింది. ఇదే యూనివర్సిటీ ట్రస్టీలు 2025 మే నెలలో 25-8 ఓట్లతో ఏడు క్యాంపస్‌లు మూసేయాలని తీర్మానించారు. డుబోయిస్, ఫేయెట్, మాంట్ ఆల్టో, న్యూ కెన్సింగ్టన్, షెనాంగో, విల్క్స్-బారే, యార్క్. 2027 వసంతకాలపు సెమిస్టరు అవగానే తాళాలు. దీనివల్ల ఏడాదికి మిగిలేది 5 కోట్ల డాలర్లన్నారు. అంటే ఒక కోచ్‌ను వదిలించుకోవడానికి ఒప్పుకున్న ఖరీదు! ఇంట్లో ఉంటూ, పూట ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ చదువుకునే పిల్లలకు పాఠాలు చెప్పడానికి డబ్బు లేదు. ఓ కోచ్‌ను చేస్తున్న పని మానేసి పొమ్మనడానికి మాత్రం ఉంది.

ఆటల డబ్బు వేరు, చదువుల డబ్బు వేరు అంటారు. టికెట్లు, టీవీ హక్కులు, దాతల చందాలు, అన్నీ విన్నాం. ఆ రెంటి మధ్య గోడ దేవుడు కట్టలేదు, మీరే కట్టారు. స్టేడియం బాగుచేతకు 70 కోట్ల డాలర్ల వరకు మంజూరు చేసినదీ ఈ ట్రస్టీల బోర్డే. అక్కడ చెయ్యి వణకలేదు. ఏడు ఊళ్ల చదువు దగ్గరికి వచ్చేసరికి పొదుపు గుర్తొచ్చింది.

అధ్యక్షురాలు నీలి బెండపూడి గారూ, మీరు విశాఖలో పుట్టారు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివారు. 2022లో మీరు ఈ పదవిలోకి వస్తే తెలుగువాళ్లం మురిసిపోయాం. అందుబాటులో కాలేజీ లేకపోతే ముందు ఎవరి చదువు ఆగిపోతుందో మీకు ఒకరు చెప్పాలా? ఇక ముందు కూడా కోచ్‌లతో ఎలాగూ ఒప్పందాలు రాస్తారు. ఓడి వెళ్లినా కోట్లు ముట్టజెప్పే ఆ షరతును ముందు కొట్టేయించండి. తర్వాత ఆ ఏడు క్యాంపస్‌ల ఫైలు మళ్లీ తెరవండి.