వేపచెట్టు కింద సిగ్నల్

లింగాల పక్కన మా చిన్నాయనకు మూడెకరాల అరటితోట ఉంది. తోటకు బోరుంది, డ్రిప్పుంది, కాపలాకు కుక్క కూడా ఉంది. లేనిదల్లా సెల్ సిగ్నల్. గట్టు మీది వేపచెట్టు మొదట్లో, అదీ ఉత్తరం దిక్కుకు తిరిగి నిలబడితే, రెండు గీతలు కనబడతాయి. అందుకని ఆ చుట్టుపక్కల తోటల వాళ్లంతా ఫోను మాట్లాడాలంటే ఆ చెట్టు కిందికే చేరతారు. అది మా వాళ్లకు చెట్టు కాదు, టెలిఫోను ఎక్స్ఛేంజీ.

పోయిన ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మబ్బు పట్టింది. చిన్నాయన మార్కెట్ ధర కనుక్కుందామని చెట్టు కిందికి పోయినాడు. పోయీ పోగానే ఫోను టింగుమంది. సర్కారు వారి సందేశం. మీ మండలంలో పిడుగులు పడే అవకాశముంది, చెట్ల కింద నిలబడవద్దు అని. చిన్నాయన బుద్ధిగా ఇవతలికి వచ్చినాడు. సిగ్నల్ పోయింది. తర్వాత సర్కారు ఇంకేం చెప్పిందో ఆయనకు తెలీదు.

"ఏం అబ్బోడా, చెట్టు కింద ఉంటే పిడుగు సంగతి తెలుస్తాది, పిడుగూ పడతాది. బయట ఉంటే సంగతి తెలీదు, పిడుగు పడేది మాత్రం పడతాది. నన్ను యాడ నిలబడమంటావు?" అని అడిగినాడు. పత్రికలో రాసేవాణ్ని కదా, నాకు అన్నీ తెలుసని ఆయన నమ్మకం.

మన సీమలో దేనికైనా కరువుంటుంది గానీ ఫోను నంబర్లకు లేదు. పోలీసుకు 100, మంటలకు 101, అంబులెన్సుకు 108, అన్నిటికీ కలిపి 112, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070, జిల్లాకు 1077. వీటిని వరసగా గడగడా చదివితే మట్కా నంబర్లేమోనని కాగితం మీద రాసుకునే వాళ్లు మా ప్రొద్దుటూరులో దొరుకుతారు. ఇందులో 108 అంటే పులివెందుల వాళ్లకు ప్రత్యేకమైన మమకారం. వాళ్లూరి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 2005 ఆగస్టు 15న మొదలైన సర్వీసు అది. మంచి పని. కాదన్నవాణ్ని నేను కాను.

పోయిన ఎండాకాలం మా వీధిలో ఒక పెద్దాయన కళ్లు తిరిగి పడిపోతే నేనూ ఒక నంబరుకు ఫోను చేసినా. ఏ నంబరో చెప్పను. అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఏ ఊరండీ అంది. ప్రొద్దుటూరన్నా. "ప్రొద్దుటూరా, తాళ్ల ప్రొద్దుటూరా?" అంది. తల్లీ, తాళ్ల ప్రొద్దుటూరు నీళ్లలో మునిగిపోయింది, మాది ఇంకా మునగలేదు అని చెప్పేలోపు పెద్దాయనే లేచి కూర్చొని, మజ్జిగ ఏదని అడిగినాడు.

ఆయనకు తగిలింది వడదెబ్బ. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 2021-26 కాలానికి విపత్తు నిధి కింద సాయం అందించడానికి కేంద్రం పెట్టుకున్న జాబితాలో పన్నెండు విపత్తులున్నాయి. తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగండ్లు, కొండచరియలు విరగడం, మంచుచరియలు విరిగిపడటం, కుంభవృష్టి, చీడపీడలు, చివరగా చలిగాలి. ఇంకోసారి చదువుకోండి. జమ్మలమడుగు నాపరాతి గనుల్లో మే నెల మిట్టమధ్యాహ్నం బండలు కోసే కూలీ మీద మంచుచరియ విరిగిపడితే నిధి సిద్ధంగా ఉంది. ఎండ విరిగిపడితే జాబితాలో లేదు. పిడుగూ లేదు. రాష్ట్రాలకు అంతగా కావాలనుకుంటే, తమ నిధిలో పది శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చునని కింద చిన్న వెసులుబాటు ఇచ్చారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పిన మా అవ్వకు జాబితా రాసే పని అప్పగించి ఉంటే మొదటి వరసలో ఏది ఉండేదో చెప్పనక్కరలేదు. అవ్వ సునామీని మాత్రం మర్చిపోయేది. సముద్రాన్ని ఆమె చూడలేదు.

భూమి కుంగడం కూడా ఆ జాబితాలో కనబడదు. 2015 చివర్లో వానలు దంచికొట్టినాక కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో ఉన్నట్టుండి గుండ్రంగా గుంతలు పడ్డాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వచ్చి చూశారు. అడుగున సున్నపురాయి, దాంట్లో సందులు, ఏళ్ల తరబడి బోర్లతో తోడేసిన నీళ్లు, ఆపైన ఒక్కసారిగా వాన. కింద ఆధారం పోయి పైమట్టి దిగబడింది. మామూలుగా మనకు పైన దెబ్బ, కింద దెబ్బ అంటుంటారు గదా, అక్కడ అది భూగర్భ శాస్త్రమే.

సరే, తాళ్ల ప్రొద్దుటూరు సంగతికొద్దాం. కొండాపురం మండలంలోని ఊరది. సీమలో నీళ్ల కోసం మొక్కని దేవుడు లేడు. ఆ మొక్కులన్నీ కలిసి 26.85 టీఎంసీల గండికోట జలాశయమైనాయి. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు కొండలు, కాలవలు దాటుకొని పెన్నమ్మ ఒడికి చేరినాయి. 2020లో జలాశయం నింపుతుంటే ఆ నీళ్లు నేరుగా తాళ్ల ప్రొద్దుటూరు వాకిళ్లలోకి వచ్చినాయి. పునరావాసం లెక్క తేలకుండానే నింపుతున్నారని ఊరివాళ్లు రోజుల తరబడి ఆందోళన చేశారు. ఆ తర్వాత సామాన్లు ట్రాక్టర్లకెత్తుకొని పోయినారు. నీళ్లు రాక వలసపోయిన ఊళ్లు మా జిల్లాలో చాలా ఉన్నాయి. నీళ్లొచ్చి వలసపోయిన ఊరు ఏ విపత్తు కిందికి వస్తుందో జాబితాలో వెతికినా. అది విపత్తు కాదట, అభివృద్ధట. కాబట్టి కంట్రోల్ రూము అక్కరలేదు.

గండికోట నిండితే కింద మైలవరం, మైలవరం గేట్లెత్తితే జమ్మలమడుగు, ఆ తర్వాత మేము. ప్రతి వానాకాలం పెన్నా పరీవాహక ప్రజలు అప్రమత్తంగా ఉండాలని అధికారులు ప్రకటన ఇస్తారు. అప్రమత్తంగా ఉండటమంటే ఏం చేయాలో ఆ ప్రకటనలో ఉండదు. మా ఊళ్లో రామేశ్వరం వైపు జనం మాత్రం అప్రమత్తమంటే వంతెన మీదికి పోయి నీళ్లు చూడటమేనని అర్థం చేసుకున్నారు. పిల్లల్ని కూడా ఎత్తుకొని పోతారు. సెల్ఫీలు తీసుకుంటారు. పదేళ్లు ఇసుకగా ఉన్న నది ఒక్కరోజు నదిగా కనిపిస్తే చూడకుండా ఇంట్లో కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు చెప్పండి?

నవ్వులాట పక్కన పెట్టి ఒక తేదీ చెప్పాలి. 2021 నవంబర్ 19. కార్తీక పౌర్ణమి. పైన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, కింద చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఊళ్ల మీద తెల్లవారుజామున నీళ్లు పడ్డాయి. గుడికి దీపాలు పెట్టడానికి పోయినవాళ్లు తిరిగి రాలేదు. అదే వానలకు కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలిపోతే, ఎర్రగుంట్ల, ముద్దనూరు వైపు నుంచి కడపకు పోయేవాళ్లు ఎన్నో నెలలు తిప్పలు పడ్డారు. తర్వాత ఏం జరిగిందంటారా? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టి, మునిగిన ఊళ్లను అన్నమయ్య జిల్లాలో కలిపారు. కట్ట తిరిగి కట్టేలోపు జిల్లానే కట్టేశారు.

మనకు ఇది కొత్తేమీ కాదు. 1902 సెప్టెంబరు 12 రాత్రి వరదకు మంగపట్నం దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది. చీకట్లో వస్తున్న మద్రాసు మెయిలుకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేకపోయినారు. డెబ్బై మందికి పైగా చనిపోయారు. మంగపట్నం మన ముద్దనూరు పక్కదే. అప్పుడు సెల్‌ఫోను లేదు, ఒప్పుకుంటాను. వంతెన పోయిందని ముందే చెప్పలేకపోవడానికి అప్పుడొక సాకుండేది.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి. ఉంది కూడా. అందులో వనరుల జాబితా అని ఒక భాగం ఉంటుంది. ఒకసారి ఒక ఆఫీసులో (ఏ ఆఫీసో అడగొద్దు) అలాంటి పుస్తకమొకటి తిరగేసే భాగ్యం నాకు కలిగింది. అందులో గజ ఈతగాళ్ల పట్టిక ఉంది. నలుగురి పేర్లున్నాయి. ఒకాయనకు ఫోను చేస్తే కోడలు ఎత్తింది. మామకు మోకాళ్ల నొప్పులు, నీళ్లు తోడుకోవడానికే లేవలేదు, ఈత ఎక్కడిది అంది.

తప్పు పుస్తకానిది కాదు. మా చిన్నతనంలో ప్రతి ఊళ్లోనూ దిగుడుబావి ఉండేది. వీపుకు సొరబుర్ర కట్టి మా మేనమామ బావిలోకి తోసేవాడు. మూడు గుక్కలు నీళ్లు తాగితే ఈతొచ్చేది. బోర్లొచ్చినాయి, బావులెండినాయి, ఎండిన బావుల్లో ఇప్పుడు చెత్త వేస్తున్నారు. ముప్పై ఏళ్ల లోపు వాడికి ఈత వచ్చిన ఊరు మా వైపు ఎక్కడుందో చూపించండి. వేయి అడుగుల బోరులో ఈత నేర్పే మేనమామ ఇంకా పుట్టలేదు. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదో బెటాలియన్ కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉంది. అంటే మాకు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. వాళ్లకు ఈత బాగా వచ్చు. దారిలో వంకలు పారకుండా ఉంటే వస్తారు.

ఆ పుస్తకంలో లేనివాళ్ల సంగతి కూడా చెబుతా. వంక మధ్యలో ఆటో ఇరుక్కుంటే ముందు వచ్చేది జేసీబీ నడిపే కుర్రాడు. ఆ తర్వాత మోకుతాడు తీసుకొని ట్రాక్టరు రెడ్డి. గుడి మైకులో పూజారి, మసీదు మైకులో ముల్లా సాబ్. గడ్డివాము అంటుకుంటే ఫైరింజను వచ్చేలోపు పురుగుమందు కొట్టే ట్యాంకులతో నీళ్లు చల్లే ఆడకూలీలు. వీళ్లలో ఒక్కరి నంబరూ అక్కడ లేదు. అయినా ఊళ్లో అందరి ఫోన్లలోనూ ఉంది.

ఇక మా చిన్నాయన తోట. ఆ రోజు పిడుగు పడలేదు, ఈదురుగాలి వచ్చింది. అరగంటలో గెలతో ఉన్న చెట్లు వరసగా నడుములు విరిగి పడిపోయినాయి. 2025 మార్చిలో లింగాల మండలంలో ఇలాగే అరటితోటలు కూలితే మాజీ ముఖ్యమంత్రి జగన్ వచ్చి తోటల్లో తిరిగి చూసిపోయినారు. నాయకులు వచ్చిన రోజు తోటలో పడిపోని చెట్ల కంటే మైకులే ఎక్కువగా నిలబడతాయి. చిన్నాయన తోటకు మాత్రం పంట నష్టం రాసుకునే కుర్రాడొక్కడే వచ్చినాడు. పంటలో కనీసం మూడింట ఒక వంతు, అంటే 33 శాతం పోతేనే సాయం. ఆ అబ్బాయి చెట్లు లెక్కపెట్టి 31 అన్నాడు.

"ఆ వాలిపోయిండేటివి?"

"అవి వాలినాయి సార్, విరగలేదు."

"రేప్పొద్దుటికి విరుగుతాయి."

"రేపు వేరే ఊరికి డ్యూటీ సార్."

గాలి ఇంకో పది నిమిషాలు వీచి ఉంటే బాగుండేదని ఒక అరటి రైతు అనుకోవడం మొదటిసారి విన్నా.

నిన్న తోటకు పోతే, వేపచెట్టుకు ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. సంచిలో ఫోను. ఉత్తరం దిక్కుకు తిప్పి, సౌండు ఫుల్లుగా పెట్టి, కొమ్మకు కట్టేసినాడు. తను మాత్రం చెట్టుకు దూరంగా మోటారు గది వాకిట్లో మంచం వేసుకొని పడుకొని ఉన్నాడు.

"మోగితే నీకు వినబడతాది సరే, అంత దూరం నుంచి సందేశం ఎట్ల చదువుతావు చిన్నాయనా?" అన్నా.

"చదివేదేముందప్పా, అప్రమత్తంగా ఉండమంటాది" అని అటు తిరిగి పడుకున్నాడు.