దండగ తాత

మా తొండేభావి వైపు ఏ వీధి తీసుకున్నా ఒక దండగ తాత ఉంటాడు. అది ఒకరి పేరు కాదు, హోదా. పింఛను మొదలైన మర్నాడే కొందరికి దానంతటదే వచ్చేస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీలో చేసి వచ్చినా, బడిపంతులుగా దిగిపోయినా, రైల్వేలో జెండా ఊపినా ఒకటే. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది దిగినా దాని చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో తట్టి, "ఎంత పెట్టినావు?" అంటాడు. మీరు ఏ అంకె చెప్పినా "దుడ్డు దండగ" అనేది ఖాయం. తెలిసినవాళ్లు భయపడి సగం ధర చెప్తారు. అప్పుడు "అంత చౌకదా, అయితే మన్నదు" అంటాడు. 2007లో కోలారు నుంచి మా చిక్కబళ్ళాపురం జిల్లా వేరుపడినప్పుడు కూడా ఆయన ముందు అడిగింది కొత్త బోర్డులకు ఎంతయిందని.

పిసినారి అని మాత్రం అనకండి. మనవరాలి మొదటి పుట్టినరోజుకు వెండి గిన్నె తెచ్చినవాడు. ఆయన లెక్క వేరు. కానుకంటే తినడానికి పనికిరావాలి, లేదా కట్టుకోవడానికి, రెండూ కాకపోతే కుదవ పెట్టడానికి. వెండి గిన్నె మూడో పద్దు కింద పాసయింది, పాసయిన వెంటనే బీరువాలోకి పోయింది. ఆ గిన్నెను పిల్ల చూసింది ఒక్కసారే, ఫొటో తీసేటప్పుడు.

అలాంటి మనిషికి బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు ఫోను చేసి, "నాయనా, పాపకు రెండేళ్లు నిండుతున్నాయి గదా, బొమ్మ వంటిల్లు కొందామనుకుంటున్నా" అంది. అడక్కుండా కొనేసి ఉంటే సరిపోయేది.

"వంటింట్లో మీ అమ్మ చేస్తానే ఉండాది గదమ్మా, ఇంకొకటి యాల?"

ఆడపిల్లకు వంటిల్లు కొనడం ఆయనకు దండగే. ఎట్లాగూ జన్మంతా అందులోనే గదా ఉండేది, ఇప్పటినుంచే తొందరేం అంటాడు. నిరుడు పక్కింటి మగపిల్లాడికి అదే బొమ్మ కొంటుంటే కూడా అడ్డుపడ్డాడు. వాడు ఎట్లాగూ జన్మలో అందులోకి పోయేవాడు కాదు, ఇప్పుడు మాత్రం యాల అన్నాడు. రెండూ ఒక్క నోటితోనే. మన పెళ్లిళ్లలో గుండిగల ముందు చెమటలు కక్కేది మగవంటవాళ్లేననీ, వాళ్లు వండింది తాత మూడోసారి వడ్డించుకుంటాడనీ ఎవరూ గుర్తు చేయలేదు. కోడలు మాత్రం, "ఆడపిల్ల గదా అని వంటిల్లే ఎందుకు, లారీ కొనకూడదా?" అని గొణిగింది. నా మటుకు ఆ ప్రశ్న సరైనదే. జవాబు కూడా సులువే. పిల్ల ఆడదా మగా అని చూడకుండా, లారీ ఒకసారి, వంటిల్లు ఒకసారి కొంటే సరి.

అవ్వ వేరే దారి పట్టింది. "మేం లక్కపిడతలతో ఆడుకోలేదా? మట్టితో రాగిముద్దలు చేసి మీ చెల్లెలికి పెట్టలేదా?" అంది. తాత ఆ మాటనే పట్టుకున్నాడు. "అదే చెప్తాండా. కొబ్బరిచిప్పలతో జరిగిపాయ. ఇప్పుడు అంగడి బొమ్మ తెస్తే పిల్ల బొమ్మను వదిలి అట్టపెట్టెతో ఆడుతాది."

దండగ తాతలందరి బ్రహ్మాస్త్రం ఈ అట్టపెట్టె. అందులో సగం నిజం ఉంది కాబట్టే ఇన్నాళ్లు పని చేస్తోంది. ఏడాదిన్నర పిల్ల ఖాళీ గ్లాసు నోటిదాకా తెచ్చి తాగినట్టు నటిస్తుంది, దానికి ఏ గ్లాసైనా చాలు. రెండేళ్ల పిల్లలిద్దరిని కూర్చోబెడితే పక్కపక్కనే ఎవరి వంట వాళ్లు చేసుకుంటారు, కలిసేది గరిటె కోసం కొట్టుకునేటప్పుడే. మూడు, నాలుగేళ్లకు గానీ ఒకరు హోటలు పెట్టి ఇంకొకరు గిరాకీగా రావడం కుదరదు. కాబట్టి రెండేళ్లప్పుడు తెచ్చిన వంటిల్లు మొదటి నెలలో అటకెక్కేలా కనిపించినా, అసలు వ్యాపారం తర్వాత మొదలవుతుంది. మీట నొక్కితే పాడే కుక్కపిల్లకు అంత ఆయుష్షు ఉండదు. బ్యాటరీ పొయ్యి మాత్రం వద్దంటాను నేను. కుక్కర్ విజిలు బొమ్మే వేసేస్తే పిల్ల నోటికి పనేముంది?

కూతురు ప్లాస్టిక్ మాట మానేసి చన్నపట్న కొయ్యసామాను అంది. తాత అక్కడ కొంచెం మెత్తబడ్డాడు. కొయ్య అంటే కనీసం పొయ్యిలోకైనా పనికొస్తుందని కాబోలు. పాలకొడిశ కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుగొస్తుంది. మన ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే పనీ ఈ దారిదే. ఇదంతా కూతురు చెప్తుంటే ఆయన శ్రద్ధగా విని, "ఆ మొగలాకు ఖర్చు కూడా మన మీదే వేస్తారు" అన్నాడు.

అంగట్లో ఐఎస్ఐ గుర్తు చూడమనీ ఆయనే చెప్పాడు, నిజానికి మంచి మాట. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తులవాళ్లకు మినహాయింపు ఉంది. మరో మంచి మాట కూడా ఆయన నోటినుంచే వచ్చింది. జేబులోంచి పది రూపాయల బిళ్ల తీసి, "ఈ మాత్రం ఉండే కాయగూర బొమ్మ ఏదున్నా తేవద్దు, గొంతులో పడతాది" అన్నాడు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం అడ్డకొలత 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదీ ఉండకూడదు. పది రూపాయల బిళ్ల 27. తాత కొలత కంటే కొంచెం పెద్ద ముక్కైనా ప్రమాదమే గానీ, దారి సరైనదే. బిళ్లను మళ్లీ జేబులో వేసుకున్నాడు.

వంటిల్లు పాసింజరు రైల్లో వచ్చింది. తాత చుట్టూ తిరిగాడు, తట్టాడు, ధర అడిగాడు, అనాల్సింది అన్నాడు. మూడోనాటి సాయంత్రానికి అరుగు మీద గిరాకీ ఆయనొక్కడే. పిల్ల ఖాళీ గ్లాసు ఇస్తే ఊది ఊది తాగి, చక్కెర తక్కువైందని ఫిర్యాదు కూడా చేశాడు. పిల్ల గ్లాసు తీసుకుని చెయ్యి చాపింది.

"ఏమే, ఈ కాఫీకి దుడ్డు కూడానా?"

చాపిన చెయ్యి దించలేదు. ఆయన జేబు తడిమి, అటూ ఇటూ చూసి, ఆ పది రూపాయల బిళ్లనే ఆ చేతిలో పెట్టాడు. అది నేరుగా నోటివైపు లేచింది. వంటింట్లోంచి కోడలు, మెట్ల మీంచి అవ్వ, ఇద్దరూ ఒకేసారి కేకేసి ఉరికారు. బిళ్ల కోడలి చేతికి చిక్కింది.

తాత దాన్ని వెనక్కి తీసుకుని పంచెకు తుడిచి జేబులో వేసుకున్నాడు. "చూసినారా, ఈ వంటిల్లు వద్దని నేను ఆపొద్దే చెప్తిని గదా!"